మోకాలి గుజ్జులో కరెంటు: మృదులాస్థి విద్యుత్ ప్రవర్తనను కంప్యూటర్‌లో మోడల్ చేయడం ఎలా

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కొబ్బరి పీచు యూనిట్ల పక్కన పెరిగినవాళ్ళకి ఒక సంగతి తెలుసు: పొట్టును కాలవ నీళ్ళతో ఎన్ని తడవలు కడిగినా సోడియం మొత్తం పోదు, కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్ళలో నానబెడితేనే వదులుతుంది. ఎందుకంటే పొట్టుకే కదలని నెగటివ్ ఛార్జీలు అంటుకుని ఉంటాయి, అవి సోడియాన్ని పట్టుకుని కూర్చుంటాయి, ఇంకో పాజిటివ్ అయాన్ వచ్చి ఆ చోటు ఆక్రమిస్తే తప్ప వదలవు. చౌడు నేలకి జిప్సం చల్లడం వెనకున్న కెమిస్ట్రీ కూడా ఇదే.

మోకాలి కీలులో ఎముకల చివర నున్నగా మెరిసే మృదులాస్థి, అంటే నాట్లు వేసి వేసి వయసు మీదపడ్డాక డాక్టరు "గుజ్జు అరిగిపోయిందమ్మా" అని చెప్పే ఆ పొర, సరిగ్గా ఇలాంటి పదార్థమే. బరువులో 65 నుంచి 80 శాతం నీళ్ళు. మిగిలినదాంట్లో కొల్లాజెన్ పోగుల వల, ఆ వలలో ఇరుక్కుపోయిన అగ్రికాన్ అనే పెద్ద అణువులు. అగ్రికాన్ మీద కాండ్రాయిటిన్ సల్ఫేట్, కెరటాన్ సల్ఫేట్ గొలుసులు బ్రష్షు వెంట్రుకల్లా వేలాడుతుంటాయి, వాటి మీద నెగటివ్ ఛార్జీలు. వల నుంచి అవి కదల్లేవు. మీరు మోడల్ చేయబోయే విద్యుత్ అంతా ఈ కదలని ఛార్జీకీ దాని చుట్టూ కదిలే ఉప్పునీళ్ళకీ మధ్య నడిచే కథ.

ఇది పీజో విద్యుత్, అంటే నొక్కితే ఘనపదార్థమే పుట్టించే వోల్టేజీ, అనుకుని మొదలుపెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ అలాగే అనుకున్నాను. 1957లో ఫుకాడా, యసూడా ఎండు ఎముకలో పీజో ప్రభావం చూపించిన మాట నిజమే. కానీ నీళ్ళతో నిండిన తడి మృదులాస్థిని నొక్కితే కనిపించే వోల్టేజీలో పెద్ద వాటా నీటి ప్రవాహానిదీ అయాన్లదీ. పీజో గుణకాల కోసం వెతికి రెండు వారాలు పాడుచేసుకోకండి.

మొదటి మెట్టు: ప్రశ్న ఏమిటో తేల్చుకోండి

"మోకాలిని మోడల్ చేస్తాను" అనేది ప్రశ్న కాదు. "2 మిల్లీమీటర్ల మందం ఉన్న పొరను పైనుంచి 10 శాతం నొక్కితే పైభాగానికీ అడుగుకీ మధ్య ఎన్ని మిల్లీవోల్టులు వస్తాయి, ఛార్జి సగం పోతే అది ఎంత మారుతుంది" అనేది ప్రశ్న. దీనికి ఒకే దిశలో, లోతు వెంట మాత్రమే నడిచే మోడల్ చాలు. రంగురంగుల త్రీడీ మోకాలు ప్రాజెక్టు రివ్యూలో బాగుంటుంది గానీ అందులో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం బ్రహ్మతరం కాదు. ముందు ఒక గీత మీద మోడల్ నిలబెట్టండి, మోకాలి ఆకారం సంగతి తర్వాత చూద్దాం.

సిద్ధాంతం వైపు తెలుసుకోవాల్సిన మైలురాళ్ళు కొన్నే. ఘనపదార్థం, నీళ్ళు అని రెండు దశలుగా చూసే బైఫేజిక్ సిద్ధాంతాన్ని 1980లో మౌ, కువై, లాయ్, ఆర్మ్‌స్ట్రాంగ్ ఇచ్చారు. నొక్కుడునీ విద్యుత్తునీ జతకలిపే ఎలక్ట్రోకైనటిక్ లెక్కని 1987లో ఫ్రాంక్, గ్రాడ్జిన్‌స్కీ ఇచ్చారు. అయాన్లని మూడో దశగా కలిపిన ట్రైఫేజిక్ సిద్ధాంతం 1991లో లాయ్, హౌ, మౌలది. మనం బైఫేజిక్‌తో మొదలుపెట్టి ట్రైఫేజిక్ దాకా నడుద్దాం.

రెండో మెట్టు: అంకెలు పోగుచేయండి

నేను వాడే ప్రారంభ విలువలు ఇవి, అన్నీ మామూలుగా కనిపించే పరిధిలోనివే. మందం 2 మిల్లీమీటర్లు. నీటి వాటా 0.8. అగ్రిగేట్ మాడ్యులస్, అంటే చుట్టూ గోడలు కట్టి పైనుంచి నొక్కినప్పటి గట్టితనం, 0.6 మెగాపాస్కల్. పర్మియబిలిటీ, అంటే పొరలోంచి నీళ్ళు ఎంత తేలిగ్గా పారతాయో చెప్పే అంకె, 10⁻¹⁵ మీటర్⁴/న్యూటన్-సెకను. పొర లోపల సోడియం డిఫ్యూజన్ గుణకం (అయాన్లు తమంతట తాము ఎంత వేగంగా పాకుతాయో) 0.5 × 10⁻⁹, క్లోరైడ్‌ది 0.8 × 10⁻⁹ మీటర్²/సెకను. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు. బయటి ఉప్పు 0.15 మోల్/లీటరు. మన వైపు వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఇది లీటరుకి దాదాపు 9 గ్రాముల ఉప్పు, రొయ్యల చెరువులో మీటరు 9 పీపీటీ చూపిస్తే ఆ చుట్టుపక్కలే.

అసలైన అంకె స్థిర ఛార్జి సాంద్రత, అంటే ఆ కదలని నెగటివ్ ఛార్జి ఎంత చిక్కగా ఉందో. ఇది పైపొరలో తక్కువ, లోతుకు వెళ్ళేకొద్దీ ఎక్కువ, లీటరు నీటికి సుమారు 0.05 నుంచి 0.3 మోల్ దాకా ఉంటుంది. ల్యాబ్ వాళ్ళు ఇచ్చేది ఛార్జి కాదు, గ్లైకోసమినోగ్లైకాన్ (అగ్రికాన్ మీది ఆ గొలుసుల ఉమ్మడి పేరు) ఎంత ఉందో మిల్లీగ్రాముల్లో ఇస్తారు. దాన్ని ఛార్జిగా మార్చడం తేలిక: గొలుసులో ఒక్కో డైశాకరైడ్ (రెండు చక్కెరల జత) ముక్కకి రెండు నెగటివ్ ఛార్జీలు, ముక్క బరువు సుమారు 502.5 గ్రాములు/మోల్. కాబట్టి మిల్లీలీటరు నీటికి 40 మిల్లీగ్రాములు ఉంటే 40 × 2 ÷ 502.5, అంటే దాదాపు 0.16 మోల్/లీటరు. ఇక్కడ ఒక గుంట ఉంది, చూసుకుని నడవండి. ఆ 40 మిల్లీగ్రాములు నీటి పరిమాణానికా, మొత్తం కణజాలానికా, తడి బరువుకా అన్నది అడగకుండా లెక్కలో పెడితే 20, 25 శాతం తేడా అక్కడే వచ్చేస్తుంది, తర్వాత మెష్‌ని (మోడల్‌లో లోతుని కోసే ముక్కల్ని) ఎంత సన్నం చేసినా అది పోదు.

మూడో మెట్టు: కోడ్ తెరిచే ముందు డోనన్ లెక్క కాగితం మీద

నొక్కడం లేదు, ప్రవాహం లేదు, పొర ఊరికే ఉప్పునీళ్ళలో నానుతోంది. కదలని ఛార్జి వల్ల అయాన్లు లోపలా బయటా ఎలా పంచుకుంటాయో, ఎంత వోల్టేజీ తేడా నిలుస్తుందో చెప్పేదే డోనన్ లెక్క. రెండే షరతులు. ఒకటి, లోపల పాజిటివ్ అయాన్లు = నెగటివ్ అయాన్లు + స్థిర ఛార్జి. రెండు, లోపలి పాజిటివ్, నెగటివ్‌ల లబ్ధం = బయటి ఉప్పు గాఢత వర్గం. రెండూ కలిపితే:

లోపలి పాజిటివ్ = (స్థిర + √(స్థిర² + 4 × బయటి²)) ÷ 2

స్థిర ఛార్జి 0.2, బయట 0.15 పెట్టండి. లోపల సోడియం 0.280, క్లోరైడ్ 0.080 వస్తాయి. డోనన్ పొటెన్షియల్ = −26.7 మిల్లీవోల్టులు × లాగ్(0.280 ÷ 0.15), సహజ లాగ్ అండి, 10 ఆధారం కాదు. జవాబు −16.7 మిల్లీవోల్టులు. లోపల అయాన్లు బయటికంటే లీటరుకి 0.0606 మోల్ ఎక్కువున్నాయి, దాన్ని ఆర్‌టీతో (గ్యాస్ స్థిరాంకం × కెల్విన్ ఉష్ణోగ్రత) గుణిస్తే 0.156 మెగాపాస్కల్ ఆస్మాటిక్ పీడనం. గుజ్జు ఉబ్బి నిలబడేది ఈ పీడనంతోనే, కొల్లాజెన్ వల దాన్ని పగ్గం వేసి ఆపుతుంది.

ఇప్పుడు బయటి ఉప్పును పదోవంతు చేయండి, 0.015. పొటెన్షియల్ −69 మిల్లీవోల్టులకి, పీడనం 0.44 మెగాపాస్కల్‌కి ఎగబాకుతాయి. పదింతలు చేయండి, 1.5. పొటెన్షియల్ −1.8కి, పీడనం 0.017కి పడిపోతాయి. ఈ మూడు జతలూ ఒక చీటీ మీద రాసి మానిటర్‌కి అతికించుకోండి. రేపు మీ ప్రోగ్రాం, ఎల్లుండి మీరు వాడే పెద్ద సాఫ్ట్‌వేర్ ఈ అంకెలు ఇవ్వకపోతే తప్పు మీ ఇన్‌పుట్‌లోనే ఉంటుంది, ఇంకెక్కడా వెతకక్కర్లేదు.

నాలుగో మెట్టు: విద్యుత్ లేకుండా నీళ్ళు, పొర మాత్రమే

లోతు వెంట 2 మిల్లీమీటర్లని 100 ముక్కలు చేయండి. ప్రతి బిందువు దగ్గరా పొర ఎంత కిందికి జరిగిందన్నదే తెలియని రాశి. సమీకరణం వేడి పాకే సమీకరణం లాంటిదే: జరుగుడు కాలంతో మారే వేగం = మాడ్యులస్ × పర్మియబిలిటీ × లోతు వెంట రెండో డెరివేటివ్. అడుగున ఎముక, జరుగుడు సున్నా, నీళ్ళు దాటవు. పైన సన్నరంధ్రాల ప్లేటు, నీళ్ళు వెళ్ళిపోతాయి, జరుగుడు మీరు చెప్పినంత.

మాడ్యులస్ × పర్మియబిలిటీ = 6 × 10⁻¹⁰ మీటర్²/సెకను. మందం వర్గాన్ని దీంతో భాగిస్తే 6,667 సెకన్లు, దాదాపు రెండు గంటలు. ఈ పొర ఎంత నిదానంగా నీళ్ళు వదులుతుందో ఈ ఒక్క అంకె చెప్పేస్తుంది, అందుకే మనం నడిచే ఒక్క అడుగులో దాదాపు బరువంతా లోపలి నీటి పీడనమే మోస్తుంది.

పైథాన్, నంపై చాలు. తేలికైన ఎక్స్‌ప్లిసిట్ పద్ధతిలో (ఇప్పటి విలువల నుంచే తర్వాతి అడుగు విలువ లెక్కకట్టడం) చేస్తే కాలపు అడుగు 0.33 సెకన్లు దాటకూడదు, దాటితే జవాబు గోదారి వరదలా పొంగిపోతుంది, ఒక్క చూపులోనే తెలుస్తుంది. 10,000 సెకన్లకి 30,000 అడుగులు, పాత లాప్‌టాప్‌కైనా పెద్ద పని కాదు. అన్నట్టు పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. నేను సరదాకి లోతు, పీడనం, జరుగుడు అని పెట్టి రాశాను, పనిచేసింది, కాకపోతే ఫ్రెండుకి పంపితే టైప్ చేయలేక తిట్టాడు.

పీడనం విడిగా కనుక్కోనక్కర్లేదు. మొత్తం ఒత్తిడి లోతు వెంట ఒకేలా ఉంటుంది కాబట్టి, ఏ బిందువు దగ్గరైనా పీడనం = మాడ్యులస్ × (ఆ బిందువు దగ్గర వికృతి − పై అంచు దగ్గర వికృతి). వికృతి అంటే ఆ చోట పొర ఎంత వంతు నలిగిందో, నొక్కుడు వికృతిని నెగటివ్‌గా తీసుకోండి. పీడనం లోతులో పాజిటివ్ రావాలి, రాకపోతే గుర్తు తిరగబడినట్టే.

ఐదో మెట్టు: అయాన్లను కలపండి

నీళ్ళు కదిలితే వాటితోపాటు ఎక్కువగా ఉన్న సోడియం కూడా కొట్టుకుపోతుంది, నెగటివ్ ఛార్జి మాత్రం వలకి కట్టేసి ఉంది. దాంతో నీళ్ళు వెళ్ళే వైపు పాజిటివ్, వెనక నెగటివ్. ఇదే స్ట్రీమింగ్ పొటెన్షియల్. బయట తీగ కలపలేదు కాబట్టి మొత్తం కరెంటు సున్నా, అంటే నీళ్ళు మోసుకెళ్ళే కరెంటుని వోల్టేజీ వెనక్కి లాగే కరెంటు సరిగ్గా కొట్టేయాలి. అప్పుడు:

వోల్టేజీ వాలు = ఫారడే స్థిరాంకం (ఒక మోల్ ఛార్జిలో ఎన్ని కూలంబులో) × స్థిర ఛార్జి × నీటి ప్రవాహం ÷ వాహకత

వాహకత ఊహించి పెట్టకండి, మీ దగ్గరున్న అంకెలతోనే వస్తుంది: ఫారడే వర్గం ÷ ఆర్‌టీ × నీటి వాటా × (సోడియం డిఫ్యూజన్ × సోడియం గాఢత + క్లోరైడ్ డిఫ్యూజన్ × క్లోరైడ్ గాఢత). మన అంకెలకి 0.59 సీమెన్స్/మీటర్. నీటి ప్రవాహం = పర్మియబిలిటీ × పీడనం వాలు అని పెడితే ప్రతి మెగాపాస్కల్ పీడన తేడాకి 33 మిల్లీవోల్టులు తేలుతుంది. గాఢతని లీటరుకి కాకుండా ఘనమీటరుకి మార్చి, అంటే 0.2ని 200 చేసి పెట్టాలి. వాహకతలో మార్చి స్థిర ఛార్జి దగ్గర మరిచిపోతే జవాబు వెయ్యి రెట్లు తేడా కొడుతుంది, నా మొదటి గ్రాఫు మైక్రోవోల్టుల్లో వచ్చింది ఇందుకే.

ఆరో మెట్టు: రెండు వోల్టేజీల తగువు

అసలు సరుకు ఇక్కడుంది, నిదానంగా చదవండి.

పొరని పైనుంచి నొక్కితే మొదట పైభాగమే ఎక్కువ నలుగుతుంది. నీళ్ళు పోయి ఛార్జి దగ్గర దగ్గరగా చేరుతుంది. పై అంచులో నలుగుడు 20 శాతం అనుకోండి. మొదటి మొత్తం పరిమాణంతో పోలిస్తే నీళ్ళు 0.8 నుంచి 0.6కి తగ్గాయి, స్థిర ఛార్జి 0.2 × 0.8 ÷ 0.6 = 0.267 అయింది. డోనన్ లెక్క మళ్ళీ వేస్తే అక్కడ పొటెన్షియల్ −21.4. ఇంకా నలగని లోతులో −16.7. అంటే పైభాగం లోతుకంటే 4.7 మిల్లీవోల్టులు నెగటివ్ వైపుకి పోయింది. దీన్ని డిఫ్యూజన్ పొటెన్షియల్ అంటారు.

స్ట్రీమింగ్ సంగతి? నీళ్ళు పైకి వస్తున్నాయి, కాబట్టి పైభాగం పాజిటివ్ కావాలి. పీడన తేడా 0.6 × 0.2 = 0.12 మెగాపాస్కల్, 33తో గుణిస్తే 3.9 మిల్లీవోల్టులు. ఒకటి ఎడమకి లాగుతోంది, ఇంకోటి కుడికి, రెండూ దాదాపు సమాన బలం! పోటు సమయంలో గోదారి పాయ నోటి దగ్గర నిలబడి చూసినట్టే, నది నీళ్ళు సముద్రంలోకి తోస్తుంటే సముద్రం వెనక్కి నెడుతుంటుంది, నీళ్ళు ఎటు పోతున్నాయో పైనుంచి చూసి చెప్పలేం.

ఎవరు గెలుస్తారో పొర గట్టితనం తేలుస్తుంది. మాడ్యులస్‌ని 1 మెగాపాస్కల్ చేయండి, అదే నలుగుడికి స్ట్రీమింగ్ 6.5కి పెరుగుతుంది, డిఫ్యూజన్ మాత్రం అలాగే ఉంటుంది. మెత్తబడిన పొరలో డిఫ్యూజన్ నెగ్గి వోల్టేజీ గుర్తే మారిపోవచ్చు. 2000లో లాయ్, మౌ, సన్, అటేషియన్ ఈ తగువునే విడదీసి చూపించారు. దీని మీద ఇంకో మెలిక ఏమిటంటే, సహజంగానే లోతులో ఛార్జి ఎక్కువ కాబట్టి నొక్కకముందే లోతు పైభాగం కంటే నెగటివ్‌గా ఉంటుంది (0.1 ఉన్నచోట −8.7, 0.2 ఉన్నచోట −16.7), ఇది స్ట్రీమింగ్ వైపు పార్టీ. ఛార్జిని అంతటా ఒకేలా పెట్టిన మోడల్ ఈ ముక్కని పోగొట్టుకుంటుంది.

నేను వేసిన చేతి లెక్కలో ఒక మోసం ఉంది. ప్రతి బిందువు దగ్గరా అయాన్లు అప్పటికప్పుడు సర్దుకుంటాయని అనుకున్నాను. నిజంగా సర్దుకుంటాయా? నీళ్ళ పీడనం పాకే గుణకం 6 × 10⁻¹⁰, సోడియం పాకే గుణకం 5 × 10⁻¹⁰. రెండూ ఒకే ప్రమాణం, ఒకే పరిమాణం. ఒకటి వేగం, ఇంకోటి నిదానం అని ఏదో ఒకదాన్ని వదిలేసే వీలే లేదు. అందుకే నలుగుడు, సోడియం, క్లోరైడ్ మూడింటినీ ప్రతి కాలపు అడుగులో కలిపి సాధించాలి, ట్రైఫేజిక్ అవసరం పడేది ఇక్కడే. అలా చేసేటప్పుడు తెలియని రాశులుగా గాఢతల్ని తీసుకోకండి, పై అంచు దగ్గర గాఢత ఒక్కసారిగా 0.15 నుంచి 0.28కి గెంతుతుంది, ప్రోగ్రాం అక్కడ తడబడుతుంది. ఎలక్ట్రోకెమికల్ పొటెన్షియల్ (గాఢత, వోల్టేజీ రెండింటి ప్రభావం కలిపిన రాశి) అయితే అంచుకి రెండు వైపులా ఒకటే, దాన్ని తీసుకుంటే గెంతు బాధ తప్పుతుంది.

ఏడో మెట్టు: పరీక్షలు

స్థిర ఛార్జి సున్నా పెట్టి నడపండి, ఐదో మెట్టు వోల్టేజీ మాయమై నాలుగో మెట్టు గ్రాఫు తిరిగి రావాలి. నొక్కకుండా ఒక రోజంత కాలం నడపండి, చీటీ మీద అంకెలు రావాలి, ప్రవాహం సున్నా కావాలి. ముక్కలు 200 చేయండి, జవాబు కదలకూడదు, కదిలితే పై అంచు దగ్గర మెష్ ఇంకా సన్నగా కావాలి.

ఎనిమిదో మెట్టు: అరిగిన గుజ్జు

అందరూ చేసే పని: ఛార్జిని సగం చేసి, వోల్టేజీ సగమైంది చూడండి అని రాసేయడం. నిజమే, 33 కాస్తా 17.5 అవుతుంది. కానీ అగ్రికాన్ పోతే నీళ్ళకి దారి కూడా తేలికవుతుంది, పర్మియబిలిటీ పెరుగుతుంది. దాన్ని రెట్టింపు చేస్తే ప్రతి మెగాపాస్కల్‌కి 35 వస్తుంది, అంటే ఆరోగ్యంగా ఉన్నదానికంటే ఎక్కువ! తప్పు ఎక్కడుంది? పీడనమే అంత రాదు, నీళ్ళు ముందే జారిపోతాయి.

అందుకే నేను మెగాపాస్కల్ లెక్కన పోల్చడం మానేశాను. స్థిరమైన వేగంతో బాగా నిదానంగా నొక్కితే నీటి ప్రవాహాన్ని ప్లేటు వేగమే నిర్ణయిస్తుంది, పై అంచులో ప్లేటు వేగమంత, అడుగున సున్నా. అప్పుడు స్ట్రీమింగ్ వోల్టేజీ = ఫారడే × ఛార్జి ÷ వాహకత × వేగం × మందం ÷ 2. పర్మియబిలిటీ లెక్కలోంచే కొట్టుకుపోయింది. సెకనుకి 0.05 మైక్రోమీటర్ల వేగంతో మన ఆరోగ్యమైన పొరకి 1.6 మిల్లీవోల్టులు, ఛార్జి సగం పోయినదానికి 0.9. రెండు నమూనాల ఛార్జిని పోల్చాలంటే ఇదే నికరమైన దారి.

తొమ్మిదో మెట్టు: త్రీడీకి వెళ్ళాలనుకుంటే

ఫెబయో (FEBio) అనే సాఫ్ట్‌వేర్ వాడండి, యూటా, కొలంబియా యూనివర్సిటీల వాళ్ళది, ఉచితం, ట్రైఫేజిక్ పదార్థం అందులోనే ఉంది. ఏడిపించేది యూనిట్లే. మిల్లీమీటర్, న్యూటన్, సెకను, నానోమోల్ పట్టుకోండి. అప్పుడు ఉప్పు 150, పర్మియబిలిటీ 0.001, సోడియం డిఫ్యూజన్ 0.0005, గ్యాస్ స్థిరాంకం 8.314 × 10⁻⁶, ఫారడే 9.6485 × 10⁻⁵, వోల్టేజీ నేరుగా మిల్లీవోల్టుల్లో వస్తుంది. గ్యాస్ స్థిరాంకం, ఉష్ణోగ్రత, ఫారడే మూడూ గ్లోబల్స్ అనే సెట్టింగుల భాగంలో మీరే ఇవ్వాలి. నొక్కే ముందు పొరని ఉప్పునీళ్ళలో ఉబ్బనిచ్చే అడుగు ఒకటి విడిగా పెట్టండి, లేకపోతే ఉబ్బడం, నలగడం కలిసిపోయి గ్రాఫు గందరగోళం అవుతుంది.

చివరిగా, కొలిచి చూడాలనిపిస్తే

మటన్ కొట్టులో మేక కాలి కీలు అడిగి తెచ్చుకోండి, అదే రోజు కోసినది. మేకది మనిషిదానికంటే పలచన, కాబట్టి మందం కొలిచి మోడల్‌లో మార్చండి, కాలం మందం వర్గంతో మారుతుంది. రాగి తీగలు పెట్టి నేను మూడు సాయంత్రాలు పోగొట్టుకున్నాను, ముట్టుకోకుండానే వోల్టేజీ పదుల మిల్లీవోల్టులు జారిపోతుండేది. కంసాలి దగ్గర సన్నటి శుద్ధ వెండి తీగ కొని, బ్లీచ్‌లో నానబెట్టి నల్లబడేదాకా ఉంచితే మీద సిల్వర్ క్లోరైడ్ పూత వస్తుంది, అది నిలకడగా ఉంటుంది. రెండు తీగల్నీ ముందు ఒకే ఉప్పునీళ్ళ గిన్నెలో ముంచి తేడా చూడండి, సున్నా దగ్గర అరగంట ఆగితేనే కీలు దగ్గరికి తీసుకెళ్ళండి. రెండూ బయటి నీళ్ళలోనే ఉంటే డోనన్ పొటెన్షియల్ కనిపించదని మరిచిపోకండి, నాలాగా పరికరం పాడైందనుకుంటారు.

ఇంకోటి, మా ఇంటి వెనక రొయ్యల చెరువులో ఏరేటర్లు తిరుగుతున్నంతసేపూ తెర మీద సెకనుకి 50 సార్లు ఊగే అందమైన అల వచ్చేది, మోడల్‌లో లేని ఆ అల కోసం సమీకరణాలన్నీ మళ్ళీ తిరగేశాను. గిన్నె చుట్టూ అల్యూమినియం రేకు చుట్టి దాన్ని మీటరు గ్రౌండుకి కలిపాక, పగటిపూట ఏరేటర్లు ఆపిన టైం చూసుకుని కొలిస్తే పోయింది.